సీఓటూ సిలిండర్‌కి మారేటప్పుడు డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ మిగుల్చుకోవాలి

మీరు అడిగింది ఇదీ: సుమారు 100 లీటర్ల మొక్కల అక్వేరియం ట్యాంక్, ఇప్పటిదాకా సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) కోసం పంచదార-ఈస్ట్ బాటిల్‌తో లాక్కొచ్చారు. మొదట్లో జోరుగా పెరిగిన మొక్కలు ఇప్పుడు ఆగిపోయాయి, పాత ఆకుల అంచుల మీద నల్లటి కుచ్చుల్లా ఆల్గీ పట్టింది. సిలిండర్ పెడితే పోతుందా, బడ్జెట్ తక్కువ కాబట్టి వేటిలో తగ్గించుకోవచ్చు అని.

ఆల్గీ కొత్తగా పట్టడం ఆగుతుంది. కాకపోతే అది సిలిండర్ గొప్పతనం కాదు, రోజూ ఒకే మోతాదులో గ్యాస్ అందడం వల్ల. నేనూ ఈస్ట్ బాటిల్ నుంచే వచ్చాను. కొత్తగా కలిపిన రోజుల్లో బుడగలు పరుగులు పెడతాయి, వారం తిరిగేసరికి నీరసపడతాయి, గది చల్లబడితే ఇంకా తగ్గుతాయి. రాత్రి ఆపుదామంటే ఆగదు. ఈ ఎగుడుదిగుడు మొక్కలకు ఇబ్బంది, మీరు చెప్పిన నల్ల ఆల్గీకి పండగ. కాబట్టి కొనే ప్రతి వస్తువునూ ఒక్క ప్రశ్నతో చూడండి: దీనివల్ల గ్యాస్ నిలకడగా వస్తుందా? వస్తే డబ్బు పెట్టండి. లేకపోతే చవకది చాలు.

అన్నిటికంటే ముందు లైట్ సంగతి. మొక్కకు ఎంత సీఓటూ కావాలో తేల్చేది లైటే. లైట్ ఎక్కువ పెట్టి గ్యాస్ సరిగ్గా ఇవ్వకపోతే వచ్చేది ఆల్గీ. మీ ట్యాంక్‌లో అనుబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకోరైన్ లాంటివే ఉంటే సిలిండర్ అక్కర్లేదు. లైట్‌ను 6 గంటలకు తగ్గించి కొన్ని వారాలు చూడండి, ఖర్చు లేకుండానే సగం సమస్య తీరొచ్చు. నేల మీద తివాచీలా పరుచుకునే క్యూబా (హెమియాంథస్), గ్లోసోస్టిగ్మా, ఎర్రటి రొటాలాలు కావాలంటే మాత్రం గ్యాస్ తప్పదు.

సిట్రిక్ యాసిడ్, వంటసోడాతో నడిచే స్టీల్ బాటిల్ సెట్లు కూడా చూసే ఉంటారు. ఈస్ట్ కంటే అవి చాలా నయం. లెక్క ప్రకారం 192 గ్రాముల సిట్రిక్ యాసిడ్, 252 గ్రాముల వంటసోడా పూర్తిగా కలిస్తే 132 గ్రాముల సీఓటూ వస్తుంది. అంటే 2 కిలోల సిలిండర్ ఇచ్చే గ్యాస్ రావాలంటే ఆ బాటిల్‌ను 15 సార్లు నింపాలి. 30, 40 లీటర్ల చిన్న ట్యాంక్‌కి ఇది బాగానే గిట్టుబాటవుతుంది. 100 లీటర్లకు మాటిమాటికీ కడగడం, కలపడం, మళ్లీ సెట్ చేయడం. ఓపిక ఉన్నన్నాళ్లు నడుస్తుంది, తర్వాత ఎలాగూ సిలిండరే కొంటారు. ఆ ఖర్చేదో ఒక్కసారే పెట్టడం మేలు.

ఇక సిలిండర్. ఇక్కడ డబ్బు మిగుల్చుకోవచ్చు. అక్వేరియం పేరుతో అమ్మే మెరిసే చిన్న సిలిండర్ అవసరం లేదు. గ్యాస్ ఫిల్లింగ్ చేసేవాళ్ల దగ్గర టెస్ట్ తేదీ ముద్ర ఉన్న పాత సిలిండర్ దొరికితే అది చాలు. వెల్డింగ్‌కి వాడే సీఓటూ అయినా మొక్కలకు తేడా ఏమీ రాదు. ఆర్గాన్ కలిపిన మిక్స్ గ్యాస్ కాదని మాత్రం అడిగి నిర్ధారించుకోండి. చోటుంటే కాస్త పెద్ద సైజే తీసుకోండి, రీఫిల్ ఖర్చు కిలో లెక్కన చూస్తే పెద్దదానికే తక్కువ పడుతుంది. వాడిపారేసే చిన్న కార్ట్రిడ్జ్‌లు చూడ్డానికి చవక, గ్రాము లెక్కన అన్నిటికంటే ఖరీదు అవే.

మంటలార్పే సీఓటూ సిలిండర్‌ను మార్చి వాడొచ్చని చాలామంది చెబుతారు. వాడొచ్చు. కానీ దాని లోపల అడుగు దాకా ఒక గొట్టం ఉంటుంది. నిలబెట్టి వాల్వ్ తిప్పితే గ్యాస్ బదులు అడుగున ద్రవంగా ఉన్న సీఓటూనే పైకి వస్తుంది, సిలిండర్ ఒత్తిడిని తగ్గించి గ్యాస్ వదిలే రెగ్యులేటర్ పాడవుతుంది. ఆ గొట్టం తీయించి, వాల్వ్ మార్పించి, ప్రెషర్ టెస్ట్ చేయించాలి. ఇదంతా ఫిల్లింగ్ వాళ్లు చేయాల్సిన పని. ఇంట్లో రెంచ్ పట్టుకుని ప్రయోగాలు వద్దు. 20 డిగ్రీల దగ్గరే లోపల ఒత్తిడి దాదాపు 57 బార్ ఉంటుంది, 30 డిగ్రీలకు 70 దాటుతుంది. కారు టైర్‌లో ఉండేది రెండున్నర బార్ లోపే.

సిలిండర్ చేతికి వచ్చాకే రెగ్యులేటర్ కొనండి. ఈ వరుస ముఖ్యం. సిలిండర్ మర దేశాన్ని బట్టి, వాడకాన్ని బట్టి మారుతుంది. చవకగా దొరికే రెగ్యులేటర్లు ఎక్కువగా డబ్ల్యూ 21.8 మరతోనో, సీజీఏ 320 మరతోనో వస్తాయి. మీ సిలిండర్‌కి అది పట్టకపోతే అడాప్టర్ వెతుక్కోవాలి. అడాప్టర్ పెట్టామంటే లీక్ అవడానికి ఇంకో చోటు తయారైనట్టే.

పిండి కొద్దీ రొట్టె అన్న సామెత రెగ్యులేటర్ విషయంలో పక్కాగా పనిచేస్తుంది. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, దాని కొసన ఉండి బుడగల వేగాన్ని సరిచేసే నీడిల్ వాల్వ్ విషయంలో. చవక వాల్వ్‌ను వెంట్రుకవాసి తిప్పితే బుడగలు ఆగిపోతాయి, ఇంకో వెంట్రుకవాసికి గలగలా వచ్చేస్తాయి. పోనీ ఎలాగో కుదిర్చి పడుకుంటే తెల్లారేసరికి లెక్క మారిపోయి ఉంటుంది. మంచి వాల్వ్ అయితే ఒక పూర్తి చుట్టు తిప్పినా నెమ్మదిగానే మారుతుంది, వదిలేసిన చోటే ఉంటుంది. బడ్జెట్ మరీ తక్కువైతే, నీడిల్ వాల్వ్‌ను విడిగా విప్పి మార్చుకునే వీలున్న సింగిల్ స్టేజ్ రెగ్యులేటర్ తీసుకోండి. ముందు దాంతో వచ్చిన వాల్వ్‌తో నడిపి, తర్వాత డబ్బు చూసుకుని వాల్వ్ ఒక్కటే మార్చొచ్చు. అన్నీ కలిపి ఒకే ముద్దగా పోతపోసిన మోడళ్లలో ఆ వీలు ఉండదు.

ఒత్తిడిని ఒకేసారి తగ్గించే సింగిల్ స్టేజ్ బదులు రెండు అంచెల్లో తగ్గించే డ్యూయల్ స్టేజ్ కావాలా అంటే, ఉంటే మంచిదే. సిలిండర్ ఖాళీ అయ్యే దశలో సింగిల్ స్టేజ్‌లో బయటికొచ్చే ఒత్తిడి కాస్త పెరిగి గ్యాస్ ఎక్కువగా పోయే ప్రమాదం ఉంది, చేపలకు అది గండం. దీనికి ఖర్చు లేని విరుగుడు ఒకటుంది. సిలిండర్‌లో ద్రవం ఉన్నంతకాలం సిలిండర్ ఒత్తిడి చూపే పెద్ద మీటర్ ముల్లు దాదాపు ఒకేచోట ఉంటుంది, గది వేడిని బట్టి కొంచెం అటూ ఇటూ కదులుతుంది. ద్రవం అయిపోయాకే కిందికి దిగడం మొదలుపెడుతుంది. గది వేడి మారకుండానే ముల్లు దిగుతోందంటే ఆరోజే సిలిండర్ కట్టేసి రీఫిల్‌కి పంపండి. మధ్యలో ఎంత మిగిలిందో ఆ మీటర్ చెప్పలేదు, తూకమే చెబుతుంది. ఖాళీ బరువు సిలిండర్ మీదే చెక్కి ఉంటుంది.

కరెంటుతో గ్యాస్‌ను తెరిచి మూసే సాలినాయిడ్ వాల్వ్ మానేద్దామని అనిపిస్తుంది. మానొద్దు. రాత్రిపూట మొక్కలు సీఓటూ వాడుకోవు, పైగా అవీ ఆక్సిజన్ పీలుస్తాయి. ఆ టైమ్‌లో గ్యాస్ పంపడం డబ్బు దండగ, చేపలకు హాని. రోజూ చేత్తో తిప్పుకుంటానని అనుకుంటారు, ఏదో ఒకరోజు మర్చిపోతారు. మామూలు ప్లగ్ టైమర్‌కి తగిలిస్తే చాలు. లైట్ వెలిగే గంటా రెండు గంటల ముందు గ్యాస్ మొదలవ్వాలి, లైట్ ఆరడానికి గంట ముందు ఆగాలి. సాలినాయిడ్ ముట్టుకుంటే వేడిగా ఉంటుంది, కంగారుపడకండి.

మిగతా సామాన్లలో చవకవే తీసుకోండి. బుడగలు లెక్కపెట్టుకునే బబుల్ కౌంటర్ ప్లాస్టిక్‌ది చాలు. చెక్ వాల్వ్ తప్పనిసరి, లేకపోతే గ్యాస్ ఆగినప్పుడు నీళ్లు వెనక్కి పాకి సాలినాయిడ్‌లోకి చేరతాయి. పైపు విషయంలో ఎయిర్ పంప్ సిలికాన్ ట్యూబ్ వద్దు, దాని గోడల్లోంచే సీఓటూ బయటికి పోతుంది. పాలీయురేథేన్ ట్యూబ్ ధరలో పెద్ద తేడా ఉండదు. గ్యాస్‌ను సన్నటి బుడగలుగా నీళ్లలోకి వదిలే డిఫ్యూజర్ మామూలు సిరామిక్ బిళ్లది చాలు. ఫిల్టర్ పైపులో అమర్చే ఇన్‌లైన్ రకాలు బాగుంటాయి గానీ, చాలావాటికి 2 బార్ దాకా ఒత్తిడి కావాలి, రెగ్యులేటర్ అంత ఇస్తుందో లేదో చూసి కొనండి.

బిగించాక సబ్బు నీళ్లతో ప్రతి జాయింటూ చూడండి. పెద్ద లీక్ అయితే చప్పుడుతో తెలుస్తుంది. మిమ్మల్ని ముంచేది చిన్న లీకే. నట్టు అంచున నురగ కదలనట్టే కనిపిస్తుంది, ఐదు నిమిషాలు ఆగి చూస్తే ఆవగింజంత బుడగ పక్కన ఇంకోటి పుట్టి ఉంటుంది. నా రెగ్యులేటర్‌కీ సిలిండర్‌కీ మధ్య వాషర్ దగ్గర అచ్చం ఇలాగే ఉండేది, వాషర్ మార్చాక పోయింది. ఈ లెక్క కూడా దగ్గర పెట్టుకోండి: కిలో సీఓటూ గది వేడి దగ్గర సుమారు 540 లీటర్ల గ్యాస్ అవుతుంది. 20 బుడగలు ఒక మిల్లీలీటర్ అనుకుంటే, సెకనుకు 2 బుడగలు 8 గంటలపాటు వదిలితే రోజుకు 3 లీటర్ల లోపే ఖర్చు. బుడగ సైజు ఇళ్లకీ కౌంటర్లకీ మారినా, 2 కిలోల సిలిండర్ ఏడాది అటూ ఇటూ రావాలి. మూడు నెలలకే అయిపోతే గ్యాస్ తాగుతున్నది మొక్కలు కాదు.

సెట్ చేసే రోజు ఇంట్లో ఉండే రోజై ఉండాలి. వదిలేసి ఊరెళ్లే పని కాదు. సెకనుకు ఒక బుడగతో మొదలుపెట్టి, ఒకటి రెండు రోజులకోసారి కొంచెం పెంచండి. ఎవరో 3 బుడగలు అన్నారని మీరూ 3 పెట్టకండి, అది వాళ్ల ట్యాంక్ లెక్క. కొలవడానికి పీహెచ్ (నీటి ఆమ్లత్వాన్ని చెప్పే అంకె, సీఓటూ పెరిగితే తగ్గుతుంది) చూడటం సులువు. ట్యాంక్ నీళ్లు ఒక గ్లాసులో పట్టి ఒకరోజు బయట వదిలేస్తే అందులో అదనంగా ఉన్న గ్యాస్ పోతుంది. దాని పీహెచ్ రాసుకోండి. లైట్ వెలిగే సమయానికి ట్యాంక్ పీహెచ్ దానికంటే 1 పాయింట్ తగ్గి ఉండాలి. 1 పాయింట్ తగ్గిందంటే సీఓటూ పది రెట్లు పెరిగినట్టు. మామూలు నీళ్లలో లీటరుకు 2, 3 మిల్లీగ్రాములు ఉంటుందన్న అంచనా ప్రకారం 20 నుంచి 30 మధ్యకు చేరతారు, మనకు కావాల్సిందీ అదే. ఇక్కడ చూసేది తేడా కాబట్టి చవక పీహెచ్ పెన్ను అసలు విలువ కాస్త తప్పు చూపించినా పర్వాలేదు.

సీఓటూను బట్టి రంగు మారే డ్రాప్ చెకర్ కూడా పెట్టండి, కానీ అందులో ట్యాంక్ నీళ్లు పోయొద్దు. 4 డిగ్రీల కేహెచ్ (కార్బొనేట్ కాఠిన్యం) ద్రావణమే పోయాలి. నీలం అంటే తక్కువ, ఆకుపచ్చ అంటే 30 దగ్గర, పసుపు అంటే ఎక్కువ. దాని రంగు మాత్రం గంటా రెండు గంటల కిందటి సంగతి చెబుతుంది. అందుకే రంగు కంటే ముందు చేపల్ని చూడండి. నీటి పైకి చేరి నోళ్లు తెరుస్తుంటే చెకర్ ఆకుపచ్చగానే ఉన్నా గ్యాస్ ఆపేయండి, ఎయిర్ స్టోన్ వేయండి, కొన్ని నీళ్లు మార్చండి. గ్యాస్ పోతుందేమోనని ఫిల్టర్ నీళ్లు పైన అలలు రేపకుండా కట్టడి చేస్తారు కొందరు. ఆ కక్కుర్తి వద్దు. సన్నటి అలలు ఉంటే ఆక్సిజన్ బాగుంటుంది, పోయే కాస్త సీఓటూ కోసం ఇంకో అర బుడగ పెంచుకుంటే సరిపోతుంది.

అంతా సరిగ్గానే ఉన్నా ఒక మూల మొక్కలు మాత్రం ఎదగవు అనిపిస్తే నీటి కదలిక చూడండి. నీళ్లలో సీఓటూ తనంతట తాను వ్యాపించే వేగం గాలిలో కంటే సుమారు పది వేల రెట్లు తక్కువ. ఫిల్టర్ ప్రవాహమే దాన్ని మోసుకెళ్లాలి. డిఫ్యూజర్‌ను ఆ ప్రవాహం కింద పెట్టి, పక్కనుంచి టార్చ్ వేసి చూడండి. పొగమంచులాంటి సన్నటి బుడగలు ఎదురు మూల దాకా వెళ్లి ఆకుల అడుగున ఆగుతున్నాయంటే సరిగ్గా ఉన్నట్టు. సూటిగా పైకి పోయి పగిలిపోతుంటే ఎంత గ్యాస్ ఇచ్చినా లాభం లేదు.

గ్యాస్ అందాక మొక్కల ఆకలి పెరుగుతుంది. నైట్రేట్, ఫాస్ఫేట్, పొటాషియం, ఐరన్ ఇవ్వాలి. చిన్న సీసాల్లో అమ్మే ఎరువుల కంటే పొటాషియం నైట్రేట్, మోనో పొటాషియం ఫాస్ఫేట్, మైక్రో మిక్స్ (సూక్ష్మ పోషకాలు) పొడులు కొని కలుపుకోండి, చాలా కాలం వస్తాయి. వారానికోసారి సగం నీళ్లు మార్చడం ఆపొద్దు. ఇప్పటికే పట్టిన నల్ల ఆల్గీ దానంతటది రాలిపోదు, ఆ ఆకులు కత్తిరించేయండి, కొత్త ఆకులకు పట్టకపోవడమే మీరు చూడాల్సిన గుర్తు. లిక్విడ్ కార్బన్ అని అమ్మేది ఎక్కువగా గ్లూటరాల్డిహైడ్. ఆల్గీని చంపుతుంది నిజమే, గ్యాస్‌కి బదులు మాత్రం కాదు. వాలిస్నేరియా ఉంటే అసలు వాడకండి, కరిగిపోతుంది.

సిలిండర్‌ను నిలబెట్టి, పడిపోకుండా స్టాండ్‌కి కట్టండి, ఎండ తగిలే చోట ఉంచకండి. సీఓటూ గాలి కంటే బరువు, కాబట్టి తలుపులు మూసుకున్న ఇరుకు గదిలో లీక్ అయితే కిందే పేరుకుంటుంది. కారులో రీఫిల్‌కి తీసుకెళ్లేటప్పుడు కూడా కిటికీ కొంచెం దించండి. అది తిరిగొచ్చేదాకా లైట్‌ను సగానికి తగ్గించండి, ఎరువు కూడా ఆపండి. మళ్లీ బిగించిన రోజు పాత లెక్క మీదే వదిలేయకుండా బుడగలు లెక్కపెట్టుకుని, వాషర్ దగ్గర ఇంకోసారి సబ్బు నీళ్లు పూయండి.