పాత కంప్యూటర్లతో ఇంట్లో క్లస్టర్ కడతానంటున్నాడు, డబ్బులు ఇవ్వాలా?

జడ్చర్ల నుంచి ఒక అక్క రాశారు. ఇంట్లోనే జాకెట్లు కుడతారు, పండుగల సీజన్‌లో పనివాళ్లను కూడా పెట్టుకుంటారు. అబ్బాయి బీటెక్ సీఎస్ఈ రెండో సంవత్సరం, ఒక బ్యాక్‌లాగ్ ఉంది. ఆరు పాత కంప్యూటర్లు కొని, అన్నిటినీ కలిపి ఒకే మిషన్ లాగా పనిచేయిస్తానని (దీన్నే క్లస్టర్ అంటారు) 50 వేలు అడుగుతున్నాడట. "తోటి పిల్లలంతా వెబ్‌సైట్లు, యాప్‌లు మొత్తంగా తయారుచేయడం నేర్పే ఫుల్ స్టాక్ కోర్సుల్లో చేరుతుంటే వీడికి ఇదేం పిచ్చి సార్, ఈ డబ్బు పెట్టొచ్చా?" అని అడిగారు.

అక్కా, ఇది పిచ్చి కాదు. కానీ 50 వేలు ఇవ్వకండి. ఆరు వద్దు, రెండు మిషన్లకు 18 వేలు ఇవ్వండి, అదీ బ్యాక్‌లాగ్ పాసయ్యాకే.

1994లో అమెరికాలో నాసా గొడార్డ్ సెంటర్‌లో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ అనే ఇద్దరు చేసింది ఇదే. సూపర్ కంప్యూటర్ కొనే ఖర్చు పెట్టకుండా, బజార్లో దొరికే 486 ప్రాసెసర్ల మిషన్లు 16 తీసుకుని, ఈథర్నెట్ అనే నెట్‌వర్క్ కేబుళ్లతో కలిపి, విండోస్ లాంటిదే అయిన లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి నడిపించారు. బియోవుల్ఫ్ అని పేరు పెట్టారు. ఈరోజు కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్‌లో ఉన్న పరమ్ సేవ అనే సూపర్ కంప్యూటర్ అయినా, ఏఐ మోడళ్లకు ట్రైనింగ్ ఇచ్చే పెద్ద డేటా సెంటర్లయినా, చాలా మిషన్లను నెట్‌వర్క్‌తో కలిపి ఒకే పని పంచడమే. 2017 నవంబరు నుంచి ప్రపంచంలో అత్యంత వేగమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితా టాప్ 500లో ఉన్నవన్నీ లైనక్స్ మీదే నడుస్తున్నాయి. కాబట్టి మీవాడు ఎంచుకున్న దారి మంచిదే.

మరి ఆరు ఎందుకు వద్దంటున్నానంటే, మీ పనితోనే చెప్తాను. 20 జాకెట్లు వచ్చాయనుకోండి. కత్తెర మీరు ఎవరి చేతికీ ఇవ్వరు, కత్తిరింపుకు 2 గంటలు పడుతుంది, అదంతా అయ్యాకే కుట్టు మొదలు. కుట్టుకు 10 గంటలు. మీరొక్కరే చేస్తే 12 గంటలు. ఐదుగురు కుడితే కుట్టు 2 గంటల్లో అయిపోతుంది కానీ కత్తిరింపు 2 గంటలు అలాగే ఉంటుంది, మొత్తం 4. పది మందిని కూర్చోబెట్టినా 3 గంటలు, ఎంతమందిని పెట్టినా 2 కిందికి రాదు. కంప్యూటర్లలో ఈ లెక్కను 1967లో జీన్ ఆమ్డాల్ అనే ఆయన చెప్పాడు, ఆయన పేరుతోనే ఆమ్డాల్ సూత్రం అంటారు. పైగా ఆ కుట్టేవాళ్లు తలా ఒక ఇంట్లో ఉండి, ప్రతి కొలతకూ మీ గడప దాకా నడిచి రావాలంటే కుట్టుకంటే నడకకే ఎక్కువ టైం పోతుంది కదా, ఆ నడకే నెట్‌వర్క్. అందుకే యానిమేషన్ ఫ్రేములు రెండర్ చేయడం (ఒక్కో బొమ్మను కంప్యూటర్ లెక్కగట్టి తయారుచేయడం) లాంటి పనైతే ఎవరి ఫ్రేములు వాళ్లు చేసుకుపోతారు కాబట్టి రెండు మిషన్లతో దాదాపు సగం టైంలో అయిపోతుంది, అదే ఒకదాని జవాబు కోసం ఇంకోటి మాటిమాటికీ ఎదురుచూసే లెక్కలైతే మిషన్ పెంచినా స్పీడు పెరగదు, ఒక్కోసారి తగ్గుతుంది కూడా.

తగ్గడం నా కళ్లతో చూశాను. వనపర్తి వైపు నుంచి నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి మూడు మిషన్లు కలిపాడు, ఒక్కదానిలో కంటే మూడింటిలో ప్రోగ్రాం నెమ్మదిగా నడిచింది. రెండు రోజులు కోడ్ అంతా తిరగేశాడు, తప్పు దొరకలేదు. చివరికి మిషన్ల కేబుళ్లన్నీ కలిసే పెట్టె, అంటే నెట్‌వర్క్ స్విచ్ వైపు చూస్తే రెండు పోర్టుల లైట్లు పచ్చగా, ఒకటి నారింజ రంగులో ఉంది. ఆ నారింజ లైటు పోర్టు కేబుల్‌కు కొస బిగించినవాళ్లు (క్రింపింగ్ అంటారు) లోపలున్న ఎనిమిది తీగల్లో నాలుగే కలిపారు. నాలుగు తీగలతో 100 ఎంబీపీఎస్ స్పీడు నడుస్తుంది, దానికి పది రెట్లయిన గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. కేబుల్ మార్చగానే సరిపోయింది. ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి అడిగితే ఈ ఒక్క సంగతే చెప్పాడు, ఎలా వెతికావు, ముందు ఏం అనుమానించావు అని వాళ్లు అక్కడే ఆగి చాలాసేపు అడిగారు. వీడియో చూసి చేసిన ప్రాజెక్టులో ఇది దొరకదు.

ఇక ఖర్చు. ఆఫీసులు తీసేసిన డెస్క్‌టాప్‌లు సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో దొరుకుతాయి, మానిటర్ లేకుండా ఒక్కోటి 8 వేలకు అటూ ఇటూ చూసుకోమనండి. రెండు చాలు, దాంతోపాటు ఒక గిగాబిట్ స్విచ్, కేబుళ్లు. ఇన్‌స్టాల్ చేసే రెండు గంటలకు మానిటర్ ఎవరినైనా అడిగి తెచ్చుకోవచ్చు, తర్వాత తన ల్యాప్‌టాప్ నుంచే పని. పాత మిషన్లలో మదర్‌బోర్డు మీద గుండ్రటి బ్యాటరీ సాధారణంగా అయిపోయి ఉంటుంది, మార్చమనండి, లేకపోతే గడియారాలు తేడా వచ్చి పిచ్చిపిచ్చి ఎర్రర్లు వస్తాయి. త్రీపిన్ ప్లగ్గుకు ఎర్తింగ్ సరిగ్గా ఉండాలి.

కరెంటు గురించి మీవాడు మీకు చెప్పి ఉండడు. ఒక్కో మిషన్ పని చేస్తూ 80 వాట్లు తింటే, ఆరు మిషన్లు రోజుకు 8 గంటలకు దాదాపు 4 యూనిట్లు, నెలకు 115. ఉచిత కరెంటు పథకం గృహజ్యోతిలో మీకు జీరో బిల్లు వస్తుంటే, 200 యూనిట్లు దాటిన నెల మొత్తం బిల్లు మీరే కట్టాలి. రెండింటితో అయితే నెలకు 40 లోపే.

ఫుల్ స్టాక్ కూడా తప్పు కాదు, నేర్చుకోనివ్వండి. కానీ లైనక్స్, నెట్‌వర్కింగ్, చాలా మిషన్లకు పని పంచే ప్రోగ్రాములు రాసే ఎంపీఐ చేతికి వచ్చిన పిల్లలకు సిస్టమ్ అడ్మిన్, క్లౌడ్ పనులు, సూపర్ కంప్యూటర్లు నడిపే పనులు అందుతాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్‌లో హెచ్‌పీసీ (సూపర్ కంప్యూటింగ్) సిస్టమ్ అడ్మినిస్ట్రేషన్ అని పీజీ డిప్లొమా కూడా ఉంది, సీక్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాసి చేరాలి. ఉద్యోగం గ్యారంటీ అని మాత్రం నేను చెప్పను, వేరే ఎవరు చెప్పినా నమ్మకండి.

ఈ రాత్రి వాడిని పక్కన కూర్చోబెట్టుకుని మీ జాకెట్ల లెక్క చెప్పండి. "మరి నీ ప్రోగ్రాంలో కత్తిరింపు ఎంత, కుట్టు ఎంత?" అని అడగండి. తెలియదంటే, ఇప్పుడున్న ల్యాప్‌టాప్ మీదే నడిపి ఏ భాగానికి ఎన్ని సెకన్లు పట్టిందో కాగితం మీద రాసి తెమ్మనండి. ఆ కాగితం చేతికొచ్చాక, బ్యాక్‌లాగ్ రిజల్ట్ కూడా వచ్చాక, సికింద్రాబాద్‌కు పంపండి.