టన్నులు, స్టార్లు, వాయిదాలు: ఏసీ కొనేముందు వేసుకోవలసిన లెక్క

ప్రశ్న: విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో, నాలుగంతస్తుల భవనంలో పై అంతస్తున ఉంటున్నాం. మా నాన్నగారు పడుకునే 120 చదరపు అడుగుల గదికి ఏసీ కొనాలి. ఇంట్లో పెద్దవారు ఉన్నారు కనుక 2 టన్నుల 5 స్టార్ హాట్ అండ్ కోల్డ్ ఏసీ తీసుకోమని దుకాణంలో చెబుతున్నారు. ధర 62,000 రూపాయలు, వడ్డీ లేని 12 వాయిదాలు. ఒకేసారి చెల్లిస్తే 4,000 తగ్గిస్తారట. 1 టన్ను ఏసీ 3 స్టార్ అయితే 34,000, 5 స్టార్ అయితే 42,000. ఈ రెండింటి లేబుళ్ల మీద ఏడాదికి 640, 500 యూనిట్లని ఉంది. ఏది తీసుకోవాలి?

జవాబు: మీరు లేబుల్ మీది యూనిట్లు రాసి పంపడం వల్ల లెక్క కచ్చితంగా వేయగలిగాను. ముందుగా టన్ను అంటే ఏమిటో చూద్దాం. అది ఏసీ బరువూ కాదు, అది తాగే కరెంటూ కాదు. గదిలోంచి గంటకు ఎంత వేడిని బయటికి తోడగలదో చెప్పే కొలత. సుమారు 907 కిలోల మంచుగడ్డ ఒక రోజులో కరగడానికి కావలసిన వేడిని పూర్వం ఒక టన్నుగా లెక్కగట్టారు. అది గంటకు 12,000 బీటీయూలకు (బీటీయూ అంటే వేడిని కొలిచే ఒక ప్రమాణం), అంటే 3,517 వాట్లకు సమానం. అయితే 1 టన్ను పేరుతో అమ్మే ఏసీలన్నీ సరిగ్గా 3,517 వాట్లే ఇవ్వవు. కొన్ని అంతకంటే తక్కువ ఇస్తాయి. కాబట్టి పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉన్న టన్నును కాక, లేబుల్ మీద వాట్లలో రాసిన చల్లదనపు సామర్థ్యాన్ని పోల్చి చూడండి.

మీ గదికి 2 టన్నులు అవసరం లేదు. అంతకంటే, అది మీ నాన్నగారికి సుఖాన్ని కూడా ఇవ్వదని నా భయం. విశాఖలో మనల్ని బాధించేది వేడి ఒక్కటే కాదు, ఉక్కపోత. ఏసీ కొంతసేపు ఆగకుండా నడిస్తేనే గాలిలోని తేమ లోపలి చల్లని గొట్టపు చుట్ట (కాయిల్) మీద నీరై కారిపోతుంది. గదికి మించిన ఏసీ నిమిషాల్లో ఉష్ణోగ్రతను దించి ఆగిపోతుంది, తేమ మాత్రం గదిలోనే మిగులుతుంది. చల్లగా ఉన్నా ఒళ్లు జిడ్డుగానే అనిపిస్తుంది. ఇన్వర్టర్ ఏసీ, అంటే అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగాన్ని మార్చుకునేది, వేగం తగ్గించుకోగలదు గాని, దానికీ ఒక కనీస స్థాయి ఉంటుంది. మీది పై అంతస్తు కావడం వల్ల పగలంతా ఎండకు కాగిన శ్లాబు అర్ధరాత్రి దాకా వేడిని వదులుతూనే ఉంటుందన్నది నిజమే. అందుకు మందు పెద్ద ఏసీ కాదు. అపార్ట్‌మెంటు సంఘం అనుమతితో మీ గదిపైన ఉన్న డాబాకు వేడిని తిప్పికొట్టే తెల్లరంగు వేయించి, పడమటి కిటికీకి మందపాటి తెర వేస్తే 1 టన్ను సరిపోతుంది. అది వీలుకాకపోతే 1.5 టన్నుల దగ్గర ఆగండి.

స్టార్ల విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బంతా ఇక్కడే ఉంది. ఈ రేటింగును కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ, అంటే బీఈఈ, నిర్ణయిస్తుంది. లేబుల్ మీద ఐఎస్‌ఈఈఆర్ అని కనిపించే అంకె, ఏసీ ఒక సీజనంతటిలో తోడే వేడిని అది వాడే కరెంటుతో భాగించగా వచ్చిన ఫలితం. అది ఎంత ఎక్కువైతే అంత మంచిది. బయటి ఉష్ణోగ్రత 24 నుంచి 43 డిగ్రీల మధ్య మారుతుందనీ, ఏడాదికి 1,600 గంటలు ఏసీ నడుస్తుందనీ అనుకుని ఈ లెక్క వేస్తారు. మీ ఇంటి గంటలు వేరు. మార్చి నుంచి అక్టోబరు దాకా సుమారు 240 రాత్రులు, రాత్రికి 10 గంటల చొప్పున నడిపితే 2,400 గంటలవుతుంది. లేబుళ్ల మధ్య ఉన్న 140 యూనిట్ల తేడా అప్పుడు 210 యూనిట్లకు పెరుగుతుంది. 2022లో సవరించిన ధరల ప్రకారం నెలకు 226 నుంచి 400 వరకు ఉండే యూనిట్లకు 8.75 రూపాయల చొప్పున పడుతుంది. ఏసీ వాడే యూనిట్లు మీ బిల్లులో ఈ పై మెట్టులోకే చేరతాయి. అంటే ఏడాదికి సుమారు 1,840 రూపాయల ఆదా. ఎక్కువ పెట్టిన 8,000 నాలుగున్నరేళ్లలోపే తిరిగి వస్తుంది. కాబట్టి ఈ గదికి 5 స్టార్ తీసుకోవడం న్యాయమే.

ఇదే ఏసీని హాల్లో పెట్టి, చుట్టాలు వచ్చినప్పుడు మాత్రమే ఏడాదికి 400 గంటలు నడిపితే ఆదా 35 యూనిట్లకు, అంటే 306 రూపాయలకు పడిపోతుంది. 8,000 తిరిగి రావడానికి పాతికేళ్లు దాటుతుంది. సముద్రపు ఉప్పుగాలి తగిలే మీ కాలనీలో బయటి యూనిట్ అన్నాళ్లు నిలుస్తుందని నేను అనుకోను. ఆ గాలి కోసమే, తుప్పును అడ్డుకునే పూత ఉన్న రాగి కాయిల్ గల మోడల్ అడగండి. దానికి కొంత ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

ఇక వేడి సంగతి, అంటే గదిని వేడి కూడా చేసే ఆ హాట్ అండ్ కోల్డ్ ఏసీ. మనకు మన్యంలో పడేంత చలి పడదు కనుక అది అక్కర్లేదు. పైగా లేబుల్ మీది స్టార్లు చల్లదనానికి సంబంధించినవే తప్ప, వేడి చేయడంలో సామర్థ్యాన్ని చెప్పవు. నాన్నగారికి చలికాలంలో కావలసింది స్నానానికి వేడినీళ్లు అయితే, 15 లీటర్ల నీటిని 25 నుంచి 45 డిగ్రీలకు వేడి చేయడానికి మూడో వంతు యూనిట్ కంటే కాస్త ఎక్కువ చాలు. 2,000 వాట్ల గీజరు ఆ పని పది, పదకొండు నిమిషాల్లో చేస్తుంది.

వాయిదాలకు వడ్డీ లేదనడం నిజం కాదు. రొక్కానికి 58,000కే ఇస్తున్నారంటే దాని అసలు ధర అదే. 58,000 అప్పు తీసుకుని నెలకు 5,167 చొప్పున 12 నెలలు కడుతున్నారన్నమాట. వార్షిక వడ్డీ సుమారు 12.5 శాతం పడుతుంది, ప్రాసెసింగ్ రుసుము ఉంటే అది అదనం. సున్నా వడ్డీ పేరుతో అసలు వడ్డీని దాచే పథకాలను 2013లోనే రిజర్వు బ్యాంకు తప్పుబట్టింది. ఆరు నెలల ఇంటి ఖర్చులకు సరిపడా సొమ్ము విడిగా ఉంటే, 42,000 ఒకేసారి చెల్లించి, అక్కడ కూడా రొక్కపు తగ్గింపు అడగండి. అంత నిల్వ లేకపోతే దాన్ని ఖాళీ చేయకుండా, సగం చెల్లించి మిగతాది ఆరు వాయిదాల్లో తీర్చండి.

కొనే రోజున మీ కరెంటు బిల్లు కూడా వెంట తీసుకెళ్లండి. అందులో మీ ఇంటికి మంజూరైన లోడు ఎన్ని కిలోవాట్లో ఉంటుంది. ఏసీ, గీజరు, మోటారు కలిపి దాన్ని మించితే లోడు పెంచుకోవడానికయ్యే ఖర్చును కూడా ఏసీ ధరలోనే కలిపి చూసుకోండి.