టెలిస్కోపు లేని హైస్కూళ్లలో ఖగోళశాస్త్రం చెప్పడానికి టీచర్లకు శిక్షణ ఎలా ఇవ్వాలి?

టెలిస్కోపు కొనేదాకా ఆగక్కర్లేదు. అంతర్జాతీయ ఖగోళ సంఘం వారి 'నేస్' శిక్షణ తరగతుల్లో కూడా అట్టముక్కలు, కర్రల్లాంటి చౌక వస్తువులతో టీచర్లే స్వయంగా చేసి చూస్తారు.

హైదరాబాద్‌లో మార్చి 21న మీటరు కర్రను నిటారుగా నిలబెట్టించండి. మధ్యాహ్నం 12:20 దాటాక నీడ బాగా పొట్టిదవుతుంది, సుమారు 31 సెంటీమీటర్లు. అది చూపేదే అసలైన ఉత్తర దిక్కు. పదో తరగతి త్రికోణమితితో లెక్క కడితే ఊరి అక్షాంశం 17 డిగ్రీల పైచిలుకని తేలుతుంది. అదే కర్రకు మే 9 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం నీడే ఉండదు. ఎందుకన్నది టీచర్లే తర్జనభర్జన పడి తేల్చుకోవాలి. నా ఉద్దేశంలో శిక్షణలో ఎక్కువ సమయం దీనికే ఇవ్వాలి. పగటిపూట చేసేవే ముందు నేర్పండి, బడి నడిచేది అప్పుడే కదా! నక్షత్రాల గుర్తింపుకి ఒకటి రెండు రాత్రులు చాలు.