నాశిక్ వైన్ తోటలకు మొదటిసారి వెళ్లేవారు రోజుకు ఎన్ని చోట్లు చూడవచ్చు?

విజయవాడ నుంచి షిర్డీ వెళ్తూ మీరు, మీ శ్రీమతి, మీ బావమరిది నాశిక్‌లో ఆగి వైన్ తయారయ్యే చోట్లు చూడాలనుకుంటున్నారని, ముగ్గురిలో ఎవరికీ వైన్ అలవాటు లేదని రాశారు. ఒక్క రోజులో ఐదారు చోట్లు తిప్పి చూపిస్తామన్న ట్రావెల్స్ వారి మాట వినవచ్చా అని అడిగారు. వినవద్దనే నా సలహా. రోజుకు రెండు చాలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. గుంటూరు నుంచి మిత్రులతో కలిసి ఆ దారిలో తిరిగినవాడిగా చెబుతున్నాను, మూడో చోటికి చేరేసరికి నాలుక మొద్దుబారుతుంది, ఏది పోసినా ఒకేలా అనిపిస్తుంది.

లెక్క వేసుకుంటే విషయం మీకే తెలుస్తుంది. రుచికని ఒక్కో రకం 30 మిల్లీలీటర్లే పోసినా ఐదు రకాలకు 150 మిల్లీలీటర్లు అవుతుంది, అంటే మామూలుగా ఒక గ్లాసు వైన్. టేబుల్ వైన్‌లలో, అంటే భోజనంతో తాగే మామూలు వైన్‌లలో చాలావరకు 12 నుంచి 14 శాతం ఆల్కహాలు ఉంటుంది కాబట్టి, రెండు చోట్లా పోసినదంతా మింగితే ఐదు శాతం ఆల్కహాలున్న 650 మిల్లీలీటర్ల పెద్ద బీరు సీసా తాగినదానికంటే ఎక్కువే లోపలికి పోతుంది. అందుకే టేస్టింగ్ బల్ల మీద ఉమ్మడానికి ఒక పాత్ర పెడతారు. మనవాళ్లు దాన్ని చూసి మొహమాటపడతారు గానీ, ఆ వృత్తిలో ఉన్నవారంతా వాడేది దాన్నే. డబ్బు పెట్టి కొన్నది ఉమ్మడమేమిటని మీ బావమరిది అంటే, ఆ రుసుము రుచి చూడటానికే తప్ప కడుపు నింపుకోవడానికి కాదని నచ్చజెప్పండి.

వెళ్లేదేదో జనవరి, మార్చి నెలల మధ్య వెళ్లండి. ఐరోపాలో ద్రాక్ష కోత ఆగస్టు నుంచి అక్టోబరు దాకా సాగితే, నాశిక్‌లో ఆ నెలలు వానలకు పోతాయి. అందుకని వానలు తగ్గాక సెప్టెంబరు, అక్టోబరుల్లో తీగలను కత్తిరించి, చలికాలంలో కాయను పెంచి, ఎండలు ముదరకముందే కోసేస్తారు. ఆ ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉండటం వల్ల చలికాలపు రాత్రులు చల్లగా ఉండి, కాయలో తీపితో పాటు పులుపు కూడా నిలుస్తుంది. మే నెల సెలవుల్లో వెళ్తే కత్తిరించిన తీగలు, ఖాళీ తొట్లు తప్ప పెద్దగా చూసేదేమీ ఉండదు.

కోత సమయంలో అనుమతి అడిగి ఒక్క కాయ నోట్లో వేసుకుని చూడండి. మన బజారులో దొరికే గింజలేని థాంప్సన్ ద్రాక్షకు, దీనికి పోలికే ఉండదు. కాయ చిన్నది, తోలు మందం, గింజ ఉంటుంది, తీపి మాత్రం ఊహించనంత. ఆ తోలును, గింజను నెమ్మదిగా నమిలితే చిగుళ్లు పట్టేసినట్టు వగరు తగులుతుంది. ఎర్ర వైన్‌లో తర్వాత మీకు తెలిసే వగరు అదే. నల్ల ద్రాక్షను తోలుతో సహా పులియబెడితే రంగు, వగరు రెండూ రసంలోకి దిగి ఎర్ర వైన్ అవుతుంది, రసాన్ని ముందే పిండి వేరు చేసి పులియబెడితే తెల్ల వైన్ అవుతుంది. లోపల స్టీలు తొట్ల మధ్య గైడు గంటసేపు చెప్పేదంతా ఆ కాయ నమిలినవారికి తేలిగ్గా అర్థమవుతుంది.

ఎక్కడికి వెళ్లాలన్న విషయానికి వస్తే, మొదటి రోజుకు గంగాపూర్ రోడ్డు మంచిది. రాజీవ్ సామంత్ 1999లో మొదలుపెట్టిన సులా అనే వైన్ సంస్థ అక్కడే ఉంది, 2005 నుంచి సందర్శకులకు టేస్టింగ్ రూము నడుపుతోంది. పక్కనే యార్క్ అనే మరో వైన్ తయారీ చోటు ఉంది, 2021లో అది కూడా సులా చేతికి వచ్చింది, అయినా పరిమాణంలో చిన్నది కాబట్టి రద్దీ తక్కువ. ఈ తోటల నుంచి కనిపించే గంగాపూర్ జలాశయం గోదావరిదే. పట్టిసీమ పుణ్యమా అని ఆ నది నీళ్లు మన ప్రకాశం బ్యారేజీ దాకా వస్తున్నాయి కాబట్టి, విజయవాడ వారు దాన్ని కాసేపు నిలబడి చూడవలసిందే. రెండో రోజు ఉంటే దిండోరి వైపు షాందోన్‌కు వెళ్లవచ్చు, ఫ్రెంచి సంస్థ మొయెట్ హెనెసీ వారిది, నురగ వైన్ సీసాలోనే రెండోసారి ఎలా పులుస్తుందో అక్కడ తెలుస్తుంది. శని, ఆదివారాల్లో అయితే ముందే ఫోను చేసి సమయం ఖాయం చేసుకోండి.

రుచి చూసే పద్ధతికి పెద్ద చదువేమీ అక్కరలేదు. మా గుంటూరు మిర్చి యార్డులో కొనుగోలుదారు టిక్కీలోంచి, అంటే మిర్చి బస్తాలోంచి గుప్పెడు కాయలు తీసి, ముందు రంగు, తర్వాత వాసన, ఆ తర్వాతే మిగతావి చూసినట్టు, ఇక్కడ కూడా వరుస తప్పకుండా చూడాలి. గ్లాసును కాడ దగ్గర పట్టుకోండి, గిన్నె భాగం పట్టుకుంటే అరచేతి వేడికి వైన్ వెచ్చబడుతుంది. తెల్లకాగితం మీదికి వంచి రంగు చూసి, రెండు చుట్లు తిప్పి వాసన చూసి, చిన్న గుక్క నోరంతా తిప్పాలి. నాలుక పక్కల నీరూరితే పులుపు, చిగుళ్లు బిగిస్తే వగరు, గొంతులో వెచ్చగా దిగితే ఆల్కహాలు, మొదటిసారికి ఈ మూడింటిని విడదీయగలిగితే చాలు. అత్తిపండు, తోలు, పొగాకు వాసనలు తెలుస్తున్నాయని పక్కవారు అంటుంటే కంగారు పడకండి, సగం మంది కరపత్రం చదివి చెప్పేవారే. నురగ వైన్, తెల్లవి, రోజే అనే గులాబి రంగువి, ఎర్రవి, చివరగా తీపివి అన్న క్రమంలోనే పోయించుకోండి. ఆ రోజు అత్తరు, సెంటు వద్దు, మధ్యలో కిళ్లీ అసలే వద్దు.

ఖాళీ కడుపుతో వెళ్లకండి, అలాగని కారం తిని కూడా వెళ్లకండి. ఆల్కహాలు కారపు మంటను పెంచుతుంది, వగరు ఎక్కువున్న ఎర్ర వైన్ మరీను. మీ సంచిలో ఆవకాయ ఉంటే దాన్ని రాత్రి భోజనానికి దాచుకోండి. మన వంటలతో తాగవలసి వస్తే కాస్త తీపి ఉన్న షెనాన్ బ్లాంక్ అనే తెల్ల వైన్‌ను చల్లగా తీసుకోవడం మేలు, కొత్తవారికి కూడా అదే ముందుగా నచ్చుతుందని నా అనుభవం.

షిర్డీ, త్ర్యంబకేశ్వరం దర్శనాలు ముందే ముగించుకుని తోటలను చివరికి పెట్టుకోండి, పెద్దలు వెంట ఉంటే ఇక చెప్పనక్కరలేదు. కారు డ్రైవరుతో సహా మాట్లాడుకోండి, ఎందుకంటే చట్టప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే కేసే. 21 ఏళ్లు నిండనివారికి పోయరు కాబట్టి గుర్తింపు కార్డులు దగ్గర ఉంచుకోండి. జనవరి 26న మద్యం అమ్మకాలు ఉండవు, ఆ తేదీ తప్పించి టికెట్లు చేయించుకోండి. గర్భిణులు, లివరు జబ్బు ఉన్నవారు, మందులు వాడుతూ డాక్టరును అడగనివారు తోట చూసి ద్రాక్షరసంతో సరిపెట్టుకోవాలి.

సీసాలు కొనేముందు మన రాష్ట్రంలోకి మద్యం తెచ్చుకోవడానికి ఎక్సైజ్ శాఖ నిబంధనలేమిటో కనుక్కోండి, అవి తరచుగా మారుతుంటాయి. తెచ్చినదాన్ని విజయవాడ ఎండలో కారు డిక్కీలో గానీ, వంటింటి గూట్లో గానీ ఉంచితే కొన్నాళ్లకే చెడిపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టి, తెల్ల వైన్ అయితే ఏడాదిలోపు తాగేయండి, మూత తీసినది మూడు రోజులకు మించి ఉంచవద్దు.