రెండ్రోజులకే బ్యాటరీ అయిపోతే తప్పు ప్రాసెసర్‌దేనా?

ప్రశ్న: సార్, విజయనగరంలో ఈసీఈ ఫైనలియర్ చదువుతున్నా, మాది పలాస దగ్గర పల్లెటూరు. మా జీడితోటలో నేల తేమ చూడ్డానికి ఒక సెన్సర్ బోర్డు పెట్టాను, 2500 ఎంఏహెచ్ బ్యాటరీ వేసినా రెండ్రోజులకే అయిపోతోంది, నాన్న తిడుతున్నారు. అందుకే తక్కువ కరెంటు తాగే ప్రాసెసర్ మీదే ప్రాజెక్టు చేద్దామనుకుంటే, అది ఫారిన్ యూనివర్సిటీల పనిరా మనకెందుకు అంటున్నారు ఫ్రెండ్స్. నిజమేనా?

జవాబు: ఫ్రెండ్స్ సంగతి తర్వాత, ముందు ఆ బోర్డు మీద ఎర్ర లైటు వెలుగుతోందా లేదా చూడు తమ్ముడూ.

ఎందుకంటే నీ బోర్డు 50 మిల్లీయాంప్స్ చొప్పున తాగుతూ కూర్చుంటే 2500 బ్యాటరీకి వచ్చేది 50 గంటలే, సరిగ్గా నువ్వు చెప్పిన రెండ్రోజులు, అంటే అది అసలు నిద్రే పోవట్లేదన్నమాట. నేల తేమ నిమిషానికోసారి మారిపోదు కదా, గంటకోసారి లేచి ఓ 5 సెకన్లు పని చేసి పడుకుంటే చాలు, నిద్రలో 10 మైక్రోయాంప్స్ తాగినా సగటున 0.08 మిల్లీయాంప్సే. కాగితం మీద మూడేళ్లు దాటుతుంది (బ్యాటరీ ఊరికే కూర్చున్నా కొంత కారిపోతుంది కాబట్టి అంత రాదులే). కానీ ఆ ఎర్ర లైటు ఒక్కటే 2 మిల్లీయాంప్స్ లాగితే మూడేళ్లు కాస్తా 50 రోజులైపోతాయి! ప్రాసెసర్‌ని తిట్టుకుని ఏం లాభం.

ఇక రీసెర్చ్. వోల్టేజ్ సగానికి తగ్గిస్తే, అదే స్పీడులో నడిపినా స్విచింగ్‌కయ్యే (చిప్‌లోని ట్రాన్సిస్టర్లు ఆన్-ఆఫ్ అవడానికయ్యే) పవర్ నాలుగోవంతుకి పడిపోతుంది, చిక్కేంటంటే వోల్టేజ్ తగ్గితే అంత స్పీడు రాదు. దానికి విరుగుడుగా జ్యూరిక్‌లో ఈటీహెచ్ యూనివర్సిటీ వాళ్లు, ఇటలీలో బొలోన్యా యూనివర్సిటీ వాళ్లు కలిసి 2013లో పల్ప్ అని ఒక ప్రాజెక్టు మొదలెట్టారు. ఒక్కడే జీడిపిక్కల బస్తాలన్నీ ఎత్తుకుని పరిగెత్తే బదులు నలుగురు పంచుకుని నడిచినట్టు, తక్కువ వోల్టేజ్‌లో చిన్న కోర్లు (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు) కొన్ని కలిసి పని చేస్తాయి. డిజైన్ కోడ్ అంతా ఓపెన్‌గా పెట్టేశారు, అందులోని ఒక బుల్లి కోర్‌ని ఇప్పుడు ఐబెక్స్ పేరుతో కేంబ్రిడ్జ్‌లో లోరిస్క్ అనే సంస్థ వాళ్లు చూసుకుంటున్నారు. అంతదూరం ఎందుకు, ఐఐటీ మద్రాస్‌లో శక్తి, కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్‌లో వేగ, రెండూ రిస్క్-ఫైవ్ (ఎవరైనా ఉచితంగా వాడుకోగల ప్రాసెసర్ ఆదేశాల పద్ధతి) ప్రాసెసర్లే, మనవాళ్లు చేసినవే.

కాబట్టి చిప్ తయారు చేస్తానని మాత్రం కూర్చోకు, ఏడాదిలో తేలేది కాదు. ఐబెక్స్‌ని వెరిలేటర్‌లో (చిప్ డిజైన్‌ని కంప్యూటర్‌లోనే నడిపి చూసే సాఫ్ట్‌వేర్) రన్ చెయ్, ఫ్రీయే, నీ తేమ లెక్కకి ఎన్ని క్లాక్ సైకిల్స్ పడుతున్నాయో చూడు, వేరే కాలేజీ వాళ్లెవరి దగ్గరైనా ఎఫ్‌పీజీఏ బోర్డుంటే (మన డిజైన్‌ని ఎక్కించి నిజం చిప్‌లా నడిపించే బోర్డు) వాళ్లని కలుపుకో, నీ దగ్గర తోట ఉంది, వాళ్ల దగ్గర బోర్డుంది. కరెంటు కొలిచేటప్పుడు మల్టీమీటర్‌ని మైక్రోయాంప్స్ రేంజ్‌లోనే వదిలేస్తే బోర్డు లేవగానే మీటర్ దగ్గరే వోల్టేజ్ పడిపోయి రీసెట్ అయిపోతుంది, కోడ్‌లో తప్పుందేమోనని రాత్రంతా వెతుక్కుంటావు, నేను వెతికాను.