కాగితం బయటి బిందువు: పర్‌స్పెక్టివ్‌పై మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: డిగ్రీలో టేలర్ సిరీస్ చదివాను. వానిషింగ్ పాయింట్ అన్న పేరు పెట్టింది కూడా టేలరేనని ఈమధ్య మా డ్రాయింగ్ క్లాసులో చెప్పారు. ఇద్దరూ ఒకరేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఒకరేనండీ. బ్రూక్ టేలర్ (1685–1731), ఇంగ్లండు గణితవేత్త. ఆయన సిరీస్ ఉన్న గ్రంథం, పర్‌స్పెక్టివ్ (దూరం, లోతు కాగితం మీద కనబడేలా గీసే పద్ధతి) పుస్తకం రెండూ 1715లోనే అచ్చయ్యాయి. అప్పుడాయన రాయల్ సొసైటీ కార్యదర్శి. రెండో పుస్తకం పేరే 'లీనియర్ పర్‌స్పెక్టివ్'. ఇంగ్లిషులో వానిషింగ్ పాయింట్ అన్న మాట అందులోంచే వాడుకలోకి వచ్చింది.

బిందువు మాత్రం అంతకుముందే ఉంది. ఇటలీ చిత్రకారులు 15వ శతాబ్దంలోనే దాన్ని పట్టుకుని బొమ్మలు కట్టారు. సమాంతర రేఖలు బొమ్మలో ఒకే బిందువు వైపు ఎందుకు పోతాయో 1600లో గ్విడోబాల్డో దెల్ మాంటె గణితంతో నిరూపించాడు. టేలర్ మొత్తం శాస్త్రాన్ని ఆ బిందువు మీదే నిలబెట్టాడు. కంటి నుంచి వస్తువు అంచుకు సమాంతరంగా ఒక గీత ఊహించుకోండి. అది బొమ్మ తలాన్ని ఎక్కడ తాకితే అదే ఆ అంచుకు వానిషింగ్ పాయింట్. అంచు నేల మీద పడుకుని ఉన్నా, వాలుగా పైకి లేచినా, కాగితమే వాలి ఉన్నా ఇదే సూత్రం. అంతకుముందు పుస్తకాల్లో పెత్తనమంతా నేలదీ, కంటి మట్టంలో అడ్డంగా పోయే గీత హొరైజన్‌దీ. టేలర్ ప్రతి తలానికీ దాని సొంత వానిషింగ్ లైన్ (ఆ తలంలోని అంచుల వానిషింగ్ పాయింట్లన్నీ పడే గీత) ఇచ్చాడు. దాంతో హొరైజన్ కూడా వాటిలో ఒకటైపోయింది. ఈ విషయం మనసుకు పట్టిందంటే కింది ప్రశ్నకు జవాబు సగం దొరికినట్టే.

ప్రశ్న: ఎ3 షీటు మీద టూ పాయింట్ పర్‌స్పెక్టివ్‌లో పెంకుటిల్లు వేస్తున్నాను. హొరైజన్‌ను షీటు పై అంచుకు 5 సెంటీమీటర్ల కింద గీసి, రెండు వానిషింగ్ పాయింట్లను షీటు రెండు చివర్లలో పెట్టాను. ఇంటి ముందు మూల కింద కత్తి మొనలా వచ్చింది. కప్పు వాలు కూడా కుదరడం లేదు. తప్పెక్కడ?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: మీ గీతల్లో తప్పు లేదు. కన్ను ఎక్కడుందో తేల్చుకోకుండా బిందువులు పెట్టడంతోనే వచ్చింది చిక్కంతా. మీ బిందువుల మధ్య దూరం 42 సెం.మీ. చిత్ర కేంద్రం (కంటికి సరిగ్గా ఎదురుగా పడే బిందువు) వాటికి సరిగ్గా నడుమ ఉందనుకుంటే, ఆ బొమ్మ కాగితానికి 21 సెం.మీ. దూరంలో ఉన్న కంటికి మాత్రమే సరిగ్గా కనబడుతుంది. అంత దగ్గరగా ఎవరూ చూడరు. పైగా ఆ రెండు బిందువులూ వ్యాసంగా ఒక వృత్తం గీసి చూడండి. ఇంటి మూల ఆ వృత్తం లోపల పడితే అక్కడి కోణం 90 డిగ్రీల కంటే ఎక్కువ వస్తుంది, బయట పడితే తక్కువ వస్తుంది. హొరైజన్ అంత పైన ఉండటంతో మీ మూల 21 సెం.మీ. కంటే కిందికి, అంటే వృత్తం బయటికి జారింది. అందుకే ఆ కత్తి మొన.

ముందు చిత్ర దూరం, అంటే కంటికీ కాగితానికీ మధ్య దూరం, ఎంచుకోండి. హొరైజన్‌ను షీటు మధ్యకు తెస్తే, కేంద్రం నుంచి షీటు మూలకు సుమారు 25.7 సెం.మీ. చూపు 60 డిగ్రీల శంకువు దాటకుండా ఉండాలంటే దాన్ని 0.577తో (30 డిగ్రీల టాంజెంట్) భాగించాలి. 44.5 వస్తుంది, 45 అనుకుందాం. షీటును పెద్ద బల్ల మీద టేపుతో అతికించి, హొరైజన్‌ను రెండువైపులా బల్ల మీదికి పొడిగించండి. కేంద్రం నుంచి నిలువుగా కిందికి 45 సెం.మీ. కొలిచి ఒక చుక్క పెట్టండి. అదే కన్ను, కాగితం మీదికి మడిచిన కన్ను. ఎడమ గోడ ఎటు తిరిగి ఉండాలో ఆ దిశలో కంటి చుక్క నుంచి గీత గీయండి. అది హొరైజన్‌ను కేంద్రానికి ఎడమగా 30 సెం.మీ. దగ్గర తాకిందనుకుందాం. ఇప్పుడు సెట్‌స్క్వేర్ లంబకోణాన్ని కంటి చుక్క దగ్గరే పెట్టి రెండో గీత గీస్తే, అది కుడివైపు 67.5 సెం.మీ. దగ్గర తాకాలి. సరిచూసుకోవడం తేలిక: 30ని 67.5తో గుణిస్తే 2025, 45ని 45తో గుణించినా 2025. ఒక బిందువును జరిపితే రెండోదీ జరగాలి. రెంటినీ ఇష్టమొచ్చిన చోట పెట్టే స్వేచ్ఛ లేదు. బిందువుల దగ్గర గుండుసూదులు గుచ్చి దారం లాగితే పొడవాటి స్కేలు లేకపోయినా పని జరుగుతుంది.

ఇక కప్పు. త్రికోణం తేలే గోడ ఎడమవైపుదనీ, వాలు 30 డిగ్రీలనీ అనుకుందాం. వాలు అంచు వానిషింగ్ పాయింట్ ఎడమ బిందువుకు నిట్టనిలువుగా పైన ఉంటుంది. ఎంత పైన? ఎడమ బిందువు నుంచి కంటి చుక్కకు దూరం కొలవండి, 54 సెం.మీ. వస్తుంది. దాన్ని 0.577తో గుణిస్తే సుమారు 31. పైకి లేచే అంచు అక్కడికి పోతుంది. అవతలికి దిగే అంచు అదే నిలువు గీతలో హొరైజన్‌కు 31 సెం.మీ. కింద ఉన్న బిందువు వైపు పోతుంది. చాలామంది 54 బదులు చిత్ర దూరం 45నే వాడతారు. అప్పుడు బిందువు 26 దగ్గర పడి, 30 డిగ్రీల వాలు కాస్తా 26 డిగ్రీలకు దిగిపోతుంది. మరికొందరు గోడ బొమ్మ మీదే కోణమానిని పెట్టి 30 కొలుస్తారు. అది ఎప్పటికీ కుదరదు. గోడకు రెండు కర్ణాలు గీసి, అవి ఖండించుకున్న చోటు నుంచి నిలువు గీత లేపండి. త్రికోణం కొన ఆ గీత మీదే ఉంటే లెక్క సరిపోయినట్టు.

ప్రశ్న: గణితవేత్త రాసిన పుస్తకం చిత్రకారులకు అర్థమైందా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మొదట్లో కష్టమే అయింది. టేలర్ రచన మరీ క్లుప్తం. ఇది ఎవరికీ కొరుకుడు పడదనీ, చిత్రకారులకైతే అసలే అర్థం కాదనీ గణితవేత్త యోహాన్ బెర్నూలీ విమర్శించాడు. 1719లో టేలర్ మార్చి రాసి మళ్లీ అచ్చు వేయించాడు. 1754లో జాషువా కిర్బీ ఆ పద్ధతినే తేలిక చేసి ఒక పుస్తకం తెచ్చాడు. దాని ముఖచిత్రం కోసం విలియం హోగార్త్ కావాలని తప్పులతో ఒక బొమ్మ వేశాడు. కిటికీలోంచి వంగిన ఆవిడ కొవ్వొత్తితో, ఎక్కడో దూరపు కొండ మీదున్న మనిషి పైపు అంటుకుంటూ ఉంటుంది. ఏది ముందు, ఏది వెనక అన్న లెక్క తప్పితే ఏమవుతుందో పిల్లలకు చూపించడానికి నాకు తెలిసి దీన్ని మించిన బొమ్మ లేదు.

ప్రశ్న: పాత ఫొటో చూసి కెమెరా ఎంత ఎత్తులో ఉందో చెప్పవచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: కెమెరా పైకీ కిందికీ వంగకుండా, గదికి ఎదురుగా ఉండి, నేల మీద చదరపు టైల్స్ కనబడుతుంటే తప్పకుండా చెప్పవచ్చు. బొమ్మ నుంచి కంటి చోటును వెనక్కి రాబట్టే ఇలాంటి లెక్కలు టేలర్ కూడా చేశాడు. లోపలికి పోయే టైల్ గీతలను పొడిగించండి. అవి కలిసే చోటే కేంద్రం, దాని మీదుగా అడ్డంగా పోయేది హొరైజన్. ఒక టైల్ కర్ణాన్ని హొరైజన్ దాకా పొడిగిస్తే, కేంద్రం నుంచి అక్కడికున్న దూరమే ఆ ప్రింటుకు చిత్ర దూరం. ఇక ఎత్తు: ఏదో ఒక వరుస ముందంచు దగ్గర టైల్ వెడల్పు ప్రింటు మీద 2 సెం.మీ., ఆ అంచు నుంచి హొరైజన్ 5 సెం.మీ. పైన ఉందనుకోండి. కెమెరా రెండున్నర టైల్స్ ఎత్తులో ఉన్నట్టు. టైల్ 2 అడుగులదైతే 5 అడుగులు. ఇంకో వరుస దగ్గర కొలిచినా ఇదే రావాలి. రాకపోతే హొరైజన్ తప్పు పడిందన్నమాట, గీతలు మళ్లీ పొడిగించి చూడండి.