కొత్త లీగ్‌లో ఆడబోతున్నావా? ముందు వాళ్ల రూల్‌బుక్ అడుగు

చిన్నీ,

పాత లీగ్ వదిలేసి కొత్త జట్టులో చేరుతున్నానని, ఫ్లాగ్ ఫుట్‌బాల్ (పడగొట్టకుండా, నడుముకున్న గుడ్డపట్టీ లాగి ఆపే అమెరికన్ ఫుట్‌బాల్) ఎలాగూ వచ్చు కాబట్టి పరుగు, క్యాచ్‌ల మీదే దృష్టి పెడతానని రాశావు. అవి చెయ్యి, కానీ అంతకంటే ముందు ఆ లీగ్ రూల్‌బుక్ తెప్పించుకుని చదువు. కొత్త చోట మొదటి మ్యాచ్‌లో ఎక్కువ పెనాల్టీలు తెచ్చుకునేది ఆట రానివాళ్లు కాదమ్మా, బాగా ఆడేవాళ్లే, ఎందుకంటే వాళ్ల ఒంటికి పాత రూల్స్ అలవాటైపోయి ఉంటాయి, ఆలోచించే లోపే కాళ్లూ చేతులూ కదిలిపోతాయి.

అన్ని చోట్లా కలిసేవి కొన్నే. బంతి ఉన్నవాళ్ల నడుముకున్న ఫ్లాగ్ లాగితే ఆట ఆగుతుంది, పట్టుకుని పడగొట్టడం ఉండదు. పరిగెత్తుతూ చేత్తోనో బంతితోనో నీ ఫ్లాగ్‌ని కాపాడుకుంటే అది ఫ్లాగ్ గార్డింగ్, పెనాల్టీ. చొక్కా లోపలికి దోపుకోవాలి, షార్ట్స్‌కి జేబులు ఉండకూడదు (ఫ్లాగ్ కోసం వచ్చిన వేళ్లు జేబులో ఇరుక్కుంటే విరుగుతాయి, రిఫరీ చూడకపోయినా ఇది మాత్రం పాటించు).

ఇక తేడాల సంగతి. అంతర్జాతీయ సమాఖ్య ఐఎఫ్ఏఎఫ్ రూల్స్‌లో జట్టుకి ఐదుగురు, 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఉండబోయేది కూడా ఈ ఐదుగురి ఆటే. మైదానం 50 గజాల పొడవు, 25 గజాల వెడల్పు, రెండు చివర్లా పదేసి గజాల ఎండ్ జోన్ (బంతిని అక్కడిదాకా చేరిస్తే టచ్‌డౌన్). నీ 5 గజాల గీత దగ్గర మొదలుపెట్టి నాలుగు డౌన్లలో, అంటే నాలుగు ప్రయత్నాల్లో, మధ్య గీత దాటాలి, దాటాక టచ్‌డౌన్‌కి ఇంకో నాలుగు. అమెరికా కాలేజీల్లో సరదాగా ఆడుకునే మ్యాచ్‌లకి ఎక్కువగా వాడే నిర్సా అనే సంస్థ రూల్స్ చూస్తే ఏడుగురి ఆట, 80 గజాల మైదానాన్ని ఇరవయ్యేసి గజాల చొప్పున నాలుగు భాగాలు చేస్తారు, తర్వాతి గీత దాటితే చాలు, మళ్లీ నాలుగు డౌన్లు దొరుకుతాయి. అక్కడ 14 గజాల దగ్గర మొదలుపెడతారు కాబట్టి మొదటి గీతకి ఆరే గజాలు, ఐదుగురి ఆటలోనైతే ఇరవై. నాలుగో డౌన్‌లో ఏం చెయ్యాలన్న లెక్కే మారిపోతుంది కదా!

నువ్వు అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సింది రషింగ్ (పాస్ వేసేవాళ్ల మీదకి ఎదుటి జట్టువాళ్లు దూసుకెళ్లడం), బ్లాకింగ్ (వాళ్లకి అడ్డు నిలబడటం) గురించి. నా అనుభవంలో మైదానంలో జరిగే గొడవల్లో సగానికి పైగా ఇక్కడే. ఐదుగురి ఆటలో రషర్ స్నాప్ (బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టడం) అయ్యేటప్పటికి బంతి పెట్టిన గీతకి 7 గజాల వెనక ఉండాలి, అప్పుడే క్వార్టర్‌బ్యాక్ (స్నాప్ అందుకుని పాస్ వేసేవాళ్లు) మీదకి దూసుకెళ్లొచ్చు. ఐఎఫ్ఏఎఫ్‌లో చెయ్యెత్తి చూపించిన రషర్‌కి దారి ఇవ్వాల్సిన బాధ్యత మీ జట్టుదే, అడ్డు నిలబడితే తప్పు మీదే. క్వార్టర్‌బ్యాక్ బంతిని ఇంకొకళ్ల చేతికి ఇచ్చేస్తే మాత్రం ఈ 7 గజాల నిబంధన పోతుంది, ఎవరైనా రావచ్చు. ఏడుగురి నిర్సా ఆటలో ఇంత దూరం ఉండదు, దాదాపు గీత మీంచే వస్తారు, కాబట్టి తాకకుండా ఎదురుగా నిలబడి దారి మూసే స్క్రీన్ బ్లాకింగ్‌కి అనుమతి ఉంటుంది. కొన్ని పెద్దవాళ్ల లీగుల్లో చేతులతో తొయ్యనిస్తారు కూడా. నువ్వు ఇన్నాళ్లూ స్క్రీన్ చేస్తూ ఆడావు, ఇప్పుడు వెళ్లేది ఐదుగురి లీగ్‌కి, అక్కడ మీవాళ్లు బంతితో పరిగెత్తుతుంటే పక్కన అడ్డంగా పరిగెత్తడం కూడా తప్పే. ఆ అలవాటు మానడానికి ప్రాక్టీసులో బంతి నీ దగ్గర లేనప్పుడు ఆగిపోవడం నేర్చుకో, వినడానికి చిన్న పనే, చెయ్యడం కష్టం.

క్వార్టర్‌బ్యాక్ తానే పరిగెత్తొచ్చా అన్నది ఇంకోటి. నిర్సాలో పరిగెత్తొచ్చు, పిల్లలు ఎక్కువగా ఆడే ఎన్ఎఫ్ఎల్ ఫ్లాగ్‌లో స్నాప్ అందుకున్నవాళ్లు బంతితో గీత దాటకూడదు, పైగా 7 సెకన్లలో పాస్ వెయ్యాలి. అక్కడ మధ్య గీతకీ ఎండ్ జోన్‌కీ ముందు ఐదేసి గజాల నో-రన్ జోన్లు ఉంటాయి, ఆ చోట్లలో పాస్ ఒక్కటే దారి. అందుకే మీ జట్టు దగ్గర ఐదు గజాల పాస్‌లు రెండు మూడు బాగా నలిగినవి ఉండాలి.

టచ్‌డౌన్‌కి ఆరు పాయింట్లే కానీ దాని తర్వాత దొరికే అదనపు ప్రయత్నానికి ఇచ్చే పాయింట్లు మారతాయి. ఐఎఫ్ఏఎఫ్‌లో 5 గజాల నుంచి ఒకటి, 10 నుంచి రెండు, నిర్సాలో 3 నుంచి ఒకటి, 10 నుంచి రెండు, 20 నుంచి మూడు. కొన్ని మిక్స్‌డ్ లీగుల్లో అమ్మాయిలు చేసిన టచ్‌డౌన్‌కి ఎక్కువ పాయింట్లిస్తారు.

ఒక ముఖ్యమైన మాట. రూల్‌బుక్ ఏదైనా దాని మీద లీగ్ వాళ్లు సొంతంగా ఒకట్రెండు పేజీల మార్పులు పెట్టుకుంటారు, తేడా వస్తే ఆ పేజీలదే చెల్లుబాటు, కాబట్టి అవి ముందు చదువు. వాటిలో లేకపోతే మ్యాచ్‌కి ముందు మీ కెప్టెన్ చేత రిఫరీని అడిగించు: ఎవరూ లాగకుండా ఫ్లాగ్ దానంతట అదే ఊడిపోతే ఆట అక్కడే ఆగుతుందా, లేక చేత్తో తాకాలా? ఫ్లాగ్ తప్పించుకోవడానికి దూకితే ఏమంటారు? గిర్రున తిరగనిస్తారా? ఇవి చోటుకో రకంగా ఉంటాయి. మ్యాచ్ మధ్యలో మాత్రం “మా పాత లీగ్‌లో ఇలా కాదు” అని వాదించకు, రిఫరీతో మాట్లాడేది కెప్టెన్ ఒక్కరే.

రూల్‌బుక్ చేతికి రాగానే నాకూ ఒకటి పంపు. రషింగ్ భాగం ఫోన్‌లో ఇద్దరం కలిసి చదువుదాం.

మీ మావయ్య